మీనా రెండో భాగం

ఈ పేపరుకు నేను రాయడం ఇదే మొదలు. 2008లో దుబాయ్ వచ్చాను. ఇంటర్ పాసై ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాణ్ణి, ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైమ్ కీపర్‌గా వీసా దొరికితే ఎక్కేశాను. ఆరేళ్ళు సోనాపూర్ క్యాంపులో ఉన్నాను. 2014లో పెళ్ళయ్యాక షార్జాలో ఒక గది అద్దెకు తీసుకుని క్యాంపు వదిలాను. నా భార్య నర్సు. ఆమె అమెరికా ఫైలు 2011లో పడితే, 2022లో వీసా చేతికొచ్చింది. ఆమె వెనక నేను, నా వెనక పాప, ఇలా జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాకు చేరాం. ఇక్కడ కూడా నాది క్లర్కు పనే. ఒక గోడౌన్ ఆఫీసులో వచ్చిన సరుకు, పోయిన సరుకు కంప్యూటర్లో ఎక్కిస్తుంటాను.

ఇప్పుడు రాసేది మాత్రం అమెరికా గొప్పలు కాదు. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల గురించి. మగవాడు, అందులోనూ క్యాంపులో బతికినవాడు ప్రేమ నవలల గురించి రాస్తున్నాడేమిటని నవ్వుకోకండి. నవ్వినా పరవాలేదు, మా రూములో అందరూ నవ్వినవాళ్ళే.

అల్ఫారెట్టా అట్లాంటాకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో 66 వేల మంది లోపే ఉన్న ఊరు. కానీ సాయంత్రం బిగ్ క్రీక్ వాగు వెంట వేసిన నడకబాట మీదికి వెళితే తెలుగు వినపడని రోజు ఉండదు. వేసవిలో కొడుకుల దగ్గరికి, కూతుళ్ళ దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు చీర మీద స్వెటరు, కాళ్ళకు బూట్లు వేసుకుని నడుస్తుంటారు. మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తుకు విజయవాడ వైపు నుంచి ఒక ఆంటీ అలాగే వచ్చారు. తిరిగి వెళ్ళే ముందు రోజు మా తలుపు కొట్టి ఒక సంచి ఇచ్చారు.

"బాబూ, పెట్టెకు ఇరవై మూడు కిలోలే. ఊళ్ళో వాళ్ళకి చాక్లెట్లు, విటమిన్ మాత్రలు సర్దేసరికి వీటికి చోటు లేదు. మీ ఆవిడ చదువుతుందేమో ఇవ్వు."

సంచిలో సెక్రటరీ ఉంది. జీవన తరంగాలు ఉంది. విజేత ఉంది. అడుగున మీనా, రెండు భాగాలూ ఉన్నాయి. మా ఆవిడ హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివిన మనిషి, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పుస్తకాలు నా దగ్గరే ఉండిపోయాయి.

చిన్నప్పుడు మా అక్క ఈ నవలలు కోరుట్లలో అద్దెకు తెచ్చేది. ఒకటి తిరిగిచ్చి ఇంకొకటి తెచ్చే పని నాది. దారిలో నాలుగు పేజీలు చదివేవాణ్ణి. అలా అలవాటై, ఇంటర్‌కు వచ్చేసరికి అక్క కంటే ముందు నేనే పూర్తి చేసేవాణ్ణి. అవి వేర్వేరు కథలని తెలుసు గానీ, నాకు మాత్రం ఒకే సీరియల్లా అనిపించేవి. ఆత్మాభిమానం ఉన్న అమ్మాయి, ఆరడుగుల అబ్బాయి, ఒక కారు, మధ్యలో ఒక అపార్థం, విడిపోవడం, చివర్లో మళ్ళీ కలుసుకునే అవకాశం. పేర్లు మారతాయి, ఇళ్ళు మారతాయి, ఆ వరుస మారదు. సెక్రటరీ 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. మీనా 1973లోనే సినిమా అయింది, విజయనిర్మల డైరెక్షన్. 2016లో వచ్చిన 'అ ఆ' చూసినవాళ్ళకు మీనా కథ సగం తెలిసినట్టే.

మీనా పుస్తకాన్ని క్యాంపుకు తెచ్చింది నేను కాదు. మా రూమ్మేట్ తెచ్చాడు. రూములో ఎనిమిది మందిమి. అందరినీ ఊరి పేరుతో పిలవడం అలవాటు కాబట్టి ఆయన మాకు కొడిమ్యాల అన్న. స్టీల్ ఫిక్సర్. నాకంటే పదేళ్ళు పెద్ద. అయిదో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు వచ్చు, కానీ ఒక పేజీ చదవడానికి అరగంట పట్టేది. 2010లో సెలవు నుంచి తిరిగి వచ్చినప్పుడు సంచిలోంచి మామిడికాయ తొక్కు, సకినాలు, వాటి కింద మీనా రెండు భాగాలు తీశాడు.

"మా ఇంటామె పెట్టింది. ఎవరితోనన్న చదివిచ్చుకో అన్నది. ఇది ఆమెకు పానం," అన్నాడు.

మొదటి రోజు రాత్రి మెస్ నుంచి వచ్చాక, పది గంటలకు లైటు ఆర్పే ముందు, అయిదు పేజీలు చదివాను. ఆయన కింది బెడ్ మీద వెల్లకిలా పడుకుని విన్నాడు. పై బెడ్ మీది నిజామాబాద్ వాళ్ళు "ఆడోళ్ళ పుస్తకమా" అని ఎకసెక్కాలాడారు. నాలుగో రోజుకు వాళ్ళే "నిన్నటిది ఏడ ఆగింది" అని అడగడం మొదలుపెట్టారు. చీర రంగు దగ్గర, సోఫాల వర్ణన దగ్గర మాత్రం "ముందుకు పో" అనేవాళ్ళు. అన్న ఒప్పుకునేవాడు కాదు. అన్నీ చదవాలి. భార్య ఆ పేజీలు కూడా చదివి ఉంటుంది కదా, అదీ ఆయన లెక్క. శుక్రవారం ఫోన్ కార్డు గీకి ఇంటికి మాట్లాడినప్పుడు, బియ్యం, ఫైనాన్స్ వడ్డీ, పిల్లల జ్వరాల తర్వాత, "మీనా ఊరికి వచ్చింది" అని చెప్పేవాడు. అవతల ఆమె నవ్వు మాకు కూడా వినబడేది.

పట్నంలో డబ్బున్న ఇంట్లో, తల్లి అదుపులో పెరిగిన పిల్ల పల్లెకు పోవడం, అక్కడ బావ కృష్ణ, పొలం, పేదరికంలో కూడా తలవంచని ఆ ఇంటి మనుషులు. సిమెంటు గదిలో ఎనిమిది మందిమి పడుకుని వినడానికి అంతకంటే ఏం కావాలి? డ్యూటీ ఎక్కువై నిద్ర ఆగని రోజుల్లో ఒక్క పేజీతో ఆగేది. ఎండాకాలంలో అసలే జరిగేది కాదు. అలా ఏడాది దాటినా మొదటి భాగమే అవుతూ ఉంది.

2011 చలికాలంలో ఒక బుధవారం రాత్రి అన్న నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ చెల్లెలి భర్త అల్ కూజ్‌లో ఇంకో కంపెనీ క్యాంపులో ఉంటాడు. జ్వరంతో పడిపోయాడట, మంచినీళ్ళిచ్చే దిక్కు లేదట. "రేపు, శనివారం రాలేను తమ్మీ. సిక్కు కింద రాసుకో. ఫోర్‌మన్‌కు నువ్వే ఒక మాట చెప్పు," అన్నాడు. "చూస్తా అన్నా," అన్నాను. చూస్తా అనే మాట ఎంత చెడ్డదో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు. అవుననీ కాదు, కాదనీ కాదు.

గురువారం పొద్దున సైట్ ఆఫీసులో టైమ్ షీట్ ముందు కూర్చున్నాను. సిక్కు రాయాలంటే డాక్టర్ చీటీ జత చేయాలి. అంతకు ముందు నెలలోనే చీటీ లేకుండా రాసినందుకు ఇంకో టైమ్ కీపర్‌ను తీసేశారు. నాకు భయం వేసింది. ఆబ్సెంట్ అని రాశాను. శనివారమూ రాశాను. అప్పట్లో మాకు శుక్రవారం సెలవు. సెలవుకు ముందు రోజూ తర్వాతి రోజూ రాకపోతే సెలవు రోజు జీతం కూడా పోతుందని మా కంపెనీ లెక్క. మూడు రోజులు. నెలకు 800 దిర్హాల బేసిక్ మీద 80 దిర్హాలు. అప్పటి రేటున సుమారు వెయ్యి రూపాయలు. వెయ్యి రూపాయలే కదా అనుకునేవాళ్ళు ఈ పేపరు చదవరు, కాబట్టి వివరించక్కర్లేదు.

రాసినందుకు నేను ఈ రోజు కూడా అంతగా బాధపడను. ఉద్యోగం పోతే నా ఇల్లూ మునిగేదే. బాధ వేరే ఉంది. ఆయన శనివారం రాత్రి తిరిగి వచ్చాడు. "ఏమైంది తమ్మీ" అని కూడా అడగలేదు, నేను చూసుకున్నానని నమ్మాడు. నేను చెప్పలేదు. ఆ రాత్రి కూడా మీనా చదివాను. తర్వాత మూడు వారాలు రోజూ చదివాను. టైమ్ షీట్లో ఆయన పేరు ఎదుట రెండు ఎర్ర అక్షరాలు నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఈ రోజు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ చీరల వర్ణన చదువుతూ పోయాను.

జీతం చీటీలు క్యాంపు ఆఫీసులో పంచే పని కూడా నాదే. ఆయన వంతు వచ్చింది. కాగితం చూసుకున్నాడు. లెక్క మాత్రం ఎవరూ చదివి పెట్టనక్కర్లేదు ఆయనకు. నా ముఖం వైపు చూసి, "ముందు జెప్తే పోయేదేముండె?" అన్నాడు. వెనక నలభై మంది లైనులో ఉన్నారు. నేను, "కంపెనీ రూలు అన్నా, నా చేతిలో ఏముంది," అన్నాను. సూపర్‌వైజర్ల గొంతుతో అన్నాను. ఆ గొంతు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఆ వారంలోనే ఆయన వేరే రూముకు మారాడు. రెండో భాగం ఆయన పెట్టెలో పోయింది. మొదటి భాగం నా దిండు కింద ఉండిపోయింది. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. బస్సులో ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళం. 2012లో క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోయాడని మెస్‌లో విన్నాను. కథ చివర ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు అనే మాట అప్పుడప్పుడు గుర్తొచ్చేది. గుర్తొచ్చి పోయేది.

ఆంటీ ఇచ్చిన సంచి తెరిచాక రోజుకు కొన్ని పేజీలు చదవడం మొదలుపెట్టాను. ముందు సెక్రటరీ. ఇరవై ఏళ్ళప్పుడు ఇందులో నాకు కనిపించింది రాజశేఖరం, ఆయన కారు, ఆయన దర్జా. ఇప్పుడు చదివితే జయంతి కనిపిస్తోంది. ఇంటి ఖర్చు కోసం ఉద్యోగానికి వచ్చిన పిల్ల. యజమాని మంచివాడా చెడ్డవాడా అని అనుక్షణం కొలుచుకోవలసిన పిల్ల. అందులో ఆఫీసు ఉద్యోగమే నిజమైన కథ, ప్రేమ దాని మీద వేసిన రంగు అనిపించింది. మా ఆవిడతో అంటే, "నర్సులనడుగు, చెప్తాం" అంది.

ఇంకొకటి కూడా తోచింది. ఈ నవలల్లో మనుషులు ఒక్క మాట అడిగితే తేలిపోయేది అడగరు. చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పింది నమ్ముతారు. అభిమానం అడ్డొచ్చి వంద పేజీలు కుమిలిపోతారు. చదువుతూ విసుక్కున్నాను కూడా, "అడగమ్మా తల్లీ" అని. ఆ విసుగులోనే ఆగిపోయాను. నేను పదమూడేళ్ళకు పైగా అడగని వాణ్ణి. నవలలోనైతే సులోచనారాణి గారు ఒక ప్రమాదమో, జబ్బో, పెళ్ళిపిలుపో తెచ్చి ఇద్దరినీ ఒకచోట నిలబెడతారు. కొడిమ్యాల అన్ననూ నన్నూ ఎదురెదురుగా నిలబెట్టడానికి ఎవరూ లేరు. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన ఆ మహాతల్లి కూడా 2018 మేలో ఇదే అమెరికాలో, కాలిఫోర్నియా కుపర్టినోలో కన్నుమూశారు. ఆ వార్త అప్పుడు షార్జాలో ఫోన్లో చదివి, అక్కకు పంపి ఊరుకున్నాను.

అప్పుడైనా ఫోన్ చేసేవాణ్ణి కాదేమో. మొన్న అక్టోబరులో ఒక చిన్న సంగతి జరిగింది. పాపకు జ్వరమొచ్చి రెండు రోజులు పనికి వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళగానే మా ఆఫీసులో హాజరు చూసే నల్లజాతి పెద్దావిడ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "నీ రెండు రోజులు ఎలా ఎక్కించను? సిక్కు గంటలు ఎనిమిదే మిగిలాయి. ఒక రోజు జీతం పోతుంది. లేదంటే వెకేషన్‌లోంచి తీస్తాను. నువ్వే చెప్పు," అంది. నేను వెకేషన్‌లోంచి తీయమన్నాను. ఆమె రాసుకుని పోయింది. అంతే. అర నిమిషం పట్టిందో లేదో. రూలు ఆమె కూడా మార్చలేదు. రాసే ముందు వచ్చి చెప్పింది. నేను బాత్రూములోకి పోయి ముఖం కడుక్కున్నాను.

నంబరు దొరకడం కష్టం కాలేదు. పాత రూమ్మేట్లలో ఒక నిజామాబాద్ తమ్ముడు ఇంకా అక్కడే, దుబాయ్‌లోనే ఉన్నాడు. వాట్సాప్‌లో అడిగితే గంటలో పంపాడు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు చేశాను, అక్కడ సోమవారం పొద్దున ఏడు. ఎత్తాడు. అమెరికా నంబరు చూసి ఇంగ్లీషులో మాట్లాడతారనుకున్నాడేమో, కాసేపు ఏమీ అనలేదు.

"అన్నా, నేను. సోనాపూర్. టైమ్ కీపర్ని."

"క్లర్కు తమ్మీవా? అమెరికాల ఉన్నవని విన్న. ఏమైంది, అంత మంచిదేనా?"

ఏదో చావుకబురు కోసం చేశాననుకున్నాడు. కాదన్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను, అది చూడకుండానే చెప్పేశాను. చీటీ పంచిన రోజు కాదన్నా, అంతకు ముందు మూడు వారాలు నాకు తెలిసీ నీకు చెప్పలేదు, తప్పు అది, అన్నాను. అవతల కోడి అరుస్తోంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఎనభై దిర్హాలు," అన్నాడు తర్వాత. "ఆ నెల ఫైనాన్స్ వానికి కట్టలేకపోయిన. ఇంటిముందటికొచ్చి లొల్లి జేసిండు. ఆమె ఒక్కతే ఉండె ఇంట్ల."

ఇది నాకు తెలియని సంగతి. పోనీలే అనలేదు ఆయన. అననందుకే నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఆ డబ్బు పంపుతానని మాత్రం నేను అనలేదు, నోటిదాకా వచ్చినా మింగేశాను.

"మీనా మొదటి భాగం నా దగ్గరే ఉంది అన్నా. కోరుట్లలో మా ఇంట్లో."

"ఉండనీ. రెండోది నేను ఇంటికొచ్చిన వారానికే ఆమె చదివి చెప్పింది. కృష్ణ మంచోడు. కాని ఆమెకు తొందర జాస్తి. సోఫాలు, చీరెలు అన్నీ దాటేసింది," అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పూర్తిగా సర్దుకున్నామని నేను రాయను, అది అబద్ధం. వెనకటిలా తమ్మీ అని ఒకటి రెండుసార్లే అన్నాడు.

పసుపు వేశాడట. కూతురి పెళ్ళయింది. కొడుకు ఐటీఐ పాసయ్యాడు, వాడికి దుబాయ్ వీసా ఒకటి వచ్చింది. ఇది చెప్పేటప్పుడు కాసేపు ఆగాడు. "ఏజెంటు కాగితం ఇచ్చిండు. అంత ఇంగ్లీషే. వాడు సదివి అంత మంచిగనే ఉన్నదంటున్నడు. పిలగాడు, పోవాలని ఉరుకులాడుతున్నడు, వాని మాట నమ్మబుద్ధి అయితలేదు. నీకు పంపనా?"

పంపమన్నాను. మూడు పేజీల ఫోటోలు వచ్చాయి. మా ఆవిడ పాపను పడుకోబెట్టింది. నేను వంటగదిలో స్టూలు మీద కూర్చుని, ఫోన్ స్పీకరులో పెట్టి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను. కంపెనీ పేరు, పని పేరు, బేసిక్ ఎంత, ఎనిమిది గంటల డ్యూటీ, రెండేళ్ళ కాంట్రాక్టు. ఇంగ్లీషులో ఒక లైను, తెలుగులో ఒక లైను. అవసరం లేని చోట దాటేస్తే, "అదేమున్నదో అది కూడా సదువు" అన్నాడు. గది ఎవరు ఇస్తారో ఉంది. తిండి సంగతి ఉంది. వీసా ఖర్చు కంపెనీదే అని ఉంది. మరి ఏజెంటు దేనికి లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడని అడిగాను. మన సర్కారు రూలు ప్రకారం ఏజెంటు తీసుకోవలసింది ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. ఈ-మైగ్రేట్ సైటులో వాడి లైసెన్సు నంబరు ఉందో లేదో చూడమన్నాను.

రెండో పేజీలో ఓవర్‌టైమ్ అని తలకాయ పెట్టి, కింద గంటకు ఎంతో రాసే చోటు ఖాళీగా వదిలేశారు. అక్కడి చట్టంలో మామూలు ఓవర్‌టైమ్‌కు గంట బేసిక్ మీద పాతిక శాతం ఎక్కువ ఇవ్వాలని ఉంది. ఆ మాట చెప్పి, "ఈ ఖాళీ నింపకుండా సంతకం పెట్టనీయకు అన్నా," అన్నాను.

"రెండో పేజీ, ఎన్నో లైను?"

"పై నుంచి తొమ్మిదోది."

గోడ మీద బొగ్గుతో రాసుకున్నట్టున్నాడు, గీసిన చప్పుడు వినబడింది. మధ్యాహ్నం జగిత్యాల పోయి ఏజెంటును అడిగి, రాత్రికి మళ్ళీ చేస్తానన్నాడు. మూడో పేజీ అప్పుడు చదువుదామన్నాడు.